పాత కాంటెస్సా ఇంజన్ దించి వేరేది ఎక్కించడం: మొదటి నట్టు నుంచి మొదటి స్టార్ట్ దాకా

పాత కార్లు ఉంచుకున్నవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఇంజన్ మనమే దించుకోవచ్చా, లేక కారు తీసుకెళ్ళి ఆటోనగర్‌లో అప్పజెప్పాల్సిందేనా? చేసుకోవచ్చు. తెలిసిన మనిషి ఇంకొకరు తోడుంటే, చోటు ఉంటే, తొందర లేకపోతే చేసుకోవచ్చు. ఈ పనిలో కష్టం బరువెత్తడంలో పెద్దగా లేదు, దానికి చైన్ పుల్లీ ఉంది. కష్టమంతా విప్పినవి గుర్తుపెట్టుకోవడంలో, ఇంజన్‌నీ గేర్ బాక్స్‌నీ మళ్ళీ కలపడంలో ఉంది. అందుకే ఆ రెండింటి గురించి ఎక్కువ రాశాను, మిగతావి త్వరగా చెప్పేశాను.

ఉదాహరణకి హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ పాత కారు కాంటెస్సా తీసుకున్నాను. ఇంజన్ ముందుండి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో వెనక చక్రాలు తిరిగే పాత కారు ఏదైనా వరుస దాదాపు ఇదే. ముందు చక్రాలు లాగే కార్లకి ఇది పనికిరాదు, వాటిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, డ్రైవ్ షాఫ్ట్‌లు విప్పాలి, అది వేరే కథ.

## 1. ఏ ఇంజన్, ఏ కాగితం

కాంటెస్సాల్లో పెట్రోల్‌వి రెండు రకాలు. మొదట్లో వచ్చినవాటికి అంబాసిడర్‌లో ఉండే 1,489 సీసీ ఇంజన్, తర్వాత క్లాసిక్ 1.8కి 1,817 సీసీ ఇసుజు ఇంజన్, అయిదు గేర్ల బాక్స్. ఈ రెండూ ఒకదాని చోట ఒకటి నేరుగా కూర్చునేవి కావు. గేర్ బాక్స్, మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ మారతాయి. మీ కారుకి ఏది ఉందో, ఆర్సీలో ఏది రాసి ఉందో ముందు చూసుకోండి.

ఇసుజు 1.8 ఇంజన్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో కూడా వచ్చింది కాబట్టి పాత ఇంజన్ వెతికేటప్పుడు అక్కడా దొరుకుతుంది. కాకపోతే సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ఆకారం, మౌంటింగ్ బ్రాకెట్లు, మానిఫోల్డ్ మీ పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చకుండా కొనొద్దు.

కాగితాల సంగతి ఇంజన్ కొనకముందే తేల్చుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చే మార్పు రవాణా శాఖకి తెలియకుండా చేయకూడదు. ఇంజన్ మారితే ఇంజన్ నంబర్ మారుతుంది. ఈ కార్లన్నీ పదిహేనేళ్ళు దాటినవే, అయిదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి బండి చూపించాల్సినవే. అక్కడ చాసిస్ నంబర్‌తో పాటు ఇంజన్ నంబర్ కూడా చూస్తారు. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇంజన్ ఎక్కాక ఆర్సీలో కొత్త నంబర్ రాయించుకుని, ఇన్సూరెన్స్ వాళ్ళకీ తెలియజేయండి. అదే కంపెనీ, అదే మోడల్, అదే ఇంధనం అయితే పని తేలిక. పెట్రోల్ కారుకి డీజిల్ ఇంజనో, పెద్ద ఇంజనో పెట్టాలనుకుంటే అది ఈ గైడ్ పరిధిలో లేదు.

## 2. పాత ఇంజన్ కొనేటప్పుడు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో అయినా గుంటూరు ఆటోనగర్‌లో అయినా షాపతను "రన్నింగ్ కండిషన్ అండీ" అనే అంటాడు. మీ చూపు మీది. ఇవి చూడండి:

- బ్లాక్ మీద నంబర్ చెక్కుచెదరకుండా ఉండాలి. గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉంటే ఎంత చౌకయినా వదిలేయండి.
- బిల్లు, ఏ బండిలోంచి తీశారో దాని కాగితం. ఇవి లేకపోతే ఆర్సీ దగ్గర ఆగిపోతారు.
- ముందు పుల్లీ నట్టుకి పానా వేసి, ప్లగ్గులు తీసేసి, ఇంజన్ తిరిగే దిక్కులోనే పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టకూడదు, గీరుకోకూడదు.
- ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి వెన్నలాంటి పేరుడు ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిసినట్టు.
- బ్లాక్ మీద వెల్డింగ్, ఎంసీల్ మరకలు.
- బ్లాక్ పక్కన కొట్టి ఉండే గుండ్రటి బిళ్ళల చుట్టూ తుప్పు, తడి.

వీలుంటే కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచిపెట్టి, సెల్ఫ్‌తో తిప్పుతూ గేజ్ పెట్టాలి. ఒక్క సిలిండర్ అంకె చూసి మురిసిపోవడం కంటే నాలుగింటి మధ్య తేడా చూడటం ముఖ్యం, అది పది శాతం లోపు ఉంటే మంచిదే. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులు పోయాయి, పెరగకపోతే వాల్వుల దగ్గరో హెడ్ గ్యాస్కెట్ దగ్గరో లోపం.

## 3. చోటు, సామాను

చదునైన సిమెంట్ నేల కావాలి. మట్టి నేల మీద క్రేన్ చక్రాలు దొర్లవు, స్టాండ్లు దిగబడతాయి.

చైన్ పుల్లీని దేనికి తగిలిస్తున్నారో దాని గురించి గట్టిగా చెప్పాలి. రేకుల షెడ్డు కప్పుకి ఉండే సన్నటి యాంగిల్, పెరట్లో వేపచెట్టు కొమ్మ, ఇవి ఇంజన్ మోసేవి కావు. ఇనప బ్లాక్ ఇంజన్, గేర్ బాక్స్ కలిపి 150 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది, పైగా కుదుపు ఇస్తే ఆ బరువు ఇంకా ఎక్కువగా పడుతుంది. మంచి గర్డర్ లేకపోతే ఇంజన్ క్రేన్ అద్దెకి తెచ్చుకోండి. క్రేన్ మీద 2 టన్నులని రాసి ఉన్నా అది బూమ్ పొట్టిగా ఉన్నప్పటి లెక్క. బూమ్ పూర్తిగా సాగదీస్తే అదే క్రేన్ అందులో నాలుగో వంతు కూడా మోయకపోవచ్చు. బూమ్ మీద రంధ్రాల దగ్గర ఆ లెక్కలు రాసి ఉంటాయి, చదవండి.

పనికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- 1 టన్ను చైన్ పుల్లీ లేదా క్రేన్, కొక్కేలున్న ఇనప గొలుసు
- కారుకి స్టాండ్లు నాలుగు, వెనక చక్రాలకి అడ్డం పెట్టడానికి చెక్కలు
- గేర్ బాక్స్ కింద పెట్టడానికి ట్రాలీ జాకీ
- రింగ్ పానాలు, సాకెట్ సెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్లు, టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నారో చూపించే పానా)
- క్లచ్ ప్లేట్ నడిమికి పెట్టే సెంటరింగ్ టూల్
- జిప్ కవర్లు, పర్మనెంట్ మార్కర్, గుడ్డ ట్యాగులు
- పౌడర్ రకం మంటలార్పే సిలిండర్
- ఆయిల్‌కి, కూలెంట్‌కి వేర్వేరు డబ్బాలు
- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్, టార్క్ అంకెలన్నీ అందులోంచే

ఇటుకలు, రాళ్ళు, పాత టైరు డిస్కుల మీద కారు నిలబెట్టి కిందకి దూరొద్దు. ఇటుక బరువుకి మెల్లగా పగలదు, ఒక్కసారే పగులుతుంది.

షెడ్డులో గొయ్యి ఉంటే ఇంకో జాగ్రత్త. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, కిందకి దిగి గోతిలో నిలుస్తుంది. పెట్రోల్ పైపు విప్పే పని గొయ్యి మీద పెట్టుకోవద్దు, గోతిలో వైరు బల్బు అసలే వద్దు. మన ఊళ్ళల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇది రెట్టింపు ప్రమాదం. ఆ నెలల్లో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయండి. చెమట కళ్ళల్లోకి కారుతుంటే గొలుసు పట్టుకునే పని సరిగా సాగదు.

## 4. ముందు రోజు చేయాల్సింది

సైలెన్సర్ పైపు మానిఫోల్డ్‌కి కలిసే చోట నట్లన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి, సాయంత్రం ఇంకోసారి. పదేళ్ళుగా కదలని నట్లు అవి. మర్నాడు విప్పేటప్పుడు ముందు కాస్త బిగించే దిక్కుకి కదిపి, తర్వాత విప్పండి. అలా కదిపితే తుప్పు పట్టు వదులుతుంది, స్టడ్ తెగిపోవడం తగ్గుతుంది.

ఇంజన్, దాని చుట్టుపక్కలంతా కడిగించండి. మురికి మీద వైరు రంగు కనపడదు.

తర్వాత ఫోన్‌తో ఫొటోలు. పైనుంచి ఒక్క ఫొటో తీస్తే సరిపోదు. ప్రతి కనెక్షన్‌కి రెండు తీయండి, ఒకటి దగ్గరగా, ఒకటి అది ఎక్కడుందో తెలిసేట్టు కాస్త దూరంగా. వాక్యూమ్ పైపులు ఏది దేనిమీదుగా వెళ్తోందో కూడా తీయండి. ఫొటో ఉంది కదా అని ట్యాగులు మానొద్దు. నలుపెక్కిన మూడు వైర్లు ఫొటోలో ఒకలాగే ఉంటాయి. ట్యాగు వైరుకి ఒకటి, అది తగిలే చోట ఒకటి, రెండింటికీ ఒకే నంబర్. మాస్కింగ్ టేప్ మీద రాస్తే ఆయిల్ తగలగానే ఊడిపోతుంది, అందుకే గుడ్డ ట్యాగులు అన్నాను.

## 5. విప్పే వరుస

గేర్ బాక్స్‌తో కలిపి తీయాలా, ఇంజన్ ఒక్కటే తీయాలా? పైన ఎత్తు చాలినంత ఉంటే కలిపి తీయమనే నా మాట. కలిపి తీస్తే తిరిగి బిగించేటప్పుడు రెండింటినీ నేలమీద, వెలుతురులో, చుట్టూ తిరిగి చూసుకుంటూ కలపొచ్చు. కారులోపల ఇరుకులో కలపడం వల్లే క్లచ్ ప్లేట్లు పాడవుతాయి. కప్పు తక్కువ ఎత్తులో ఉంటే ఇంజన్ ఒక్కటే తీయాల్సి వస్తుంది. కింద రాసినది కలిపి తీసే వరుస.

1. బ్యాటరీ నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత. బ్యాటరీ బయటికి తీసేయండి.
2. బోనెట్ హింజ్‌ల చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఇద్దరు పట్టుకుని తీయండి. ఆ గీత లేకపోతే తిరిగి బిగించాక సందులు కుదరక చాలాసేపు కొట్టుకుంటారు.
3. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ దించండి. కాలవలో పోయొద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, అది విషం. రేడియేటర్, ఫ్యాన్ తీసేయండి.
4. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ దించండి.
5. పెట్రోల్ పైపు విప్పి, చివర మూయండి. దీనికి ముందు చుట్టుపక్కల నిప్పు, సిగరెట్ లేవని చూసుకోండి.
6. ఒకటో సిలిండర్ పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చేట్టు ఇంజన్ తిప్పి, డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద గుర్తు పెట్టండి.
7. ఎయిర్ క్లీనర్, కార్బ్యురేటర్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్.
8. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటర్, కాయిల్ వైర్లు, టెంపరేచర్, ఆయిల్ ప్రెజర్ వైర్లు.
9. సైలెన్సర్ పైపు.
10. క్లచ్ కేబుల్‌తో ఉంటే కేబుల్ విప్పండి. ఆయిల్‌తో పనిచేసే రకమైతే స్లేవ్ సిలిండర్‌ని (క్లచ్‌ని నెట్టే చిన్న సిలిండర్) పైపుతో సహా పక్కకి కట్టేయండి, పైపు విప్పితే గాలి తీసే పని అదనం.
11. కారు లోపల నుంచి గేర్ రాడ్ తీయండి. కింద స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైట్ వైరు.
12. ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక ఫ్లాంజ్ మీద, దాని ఎదురు ఫ్లాంజ్ మీద కలిపి ఒక గీత. తీశాక గేర్ బాక్స్ తోకకి ప్లాస్టిక్ కవర్ వేసి రబ్బరు బాండ్ చుట్టండి. ఇంజన్ వాలినప్పుడు మిగిలిన ఆయిల్ అక్కడినుంచే కారుతుంది.

ఏ నట్లు ఎక్కడివో ఆ పేరు రాసిన జిప్ కవర్లో. బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్ ముందు గంటలా ఉండి ఇంజన్‌కి ఆనే భాగం) బోల్టులు ఒకే పొడవు ఉండవు. ఒక అట్ట ముక్క మీద బెల్ హౌసింగ్ ఆకారం గీసి, రంధ్రాలు పొడిచి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు బోల్టు పొట్టిదాని చోట బిగిస్తే అటుపక్క అల్యూమినియం పగులుతుంది.

## 6. పైకి లేపడం

గొలుసుని ఇంజన్‌కి ఉన్న లిఫ్టింగ్ కొక్కేలకే తగిలించండి. అవి లేకపోతే హెడ్ లేదా బ్లాక్ మీద గట్టి చోట 8.8 గ్రేడ్ బోల్టులు, పెద్ద వాషర్లు వేసి బిగించాలి. బోల్టు మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు మర లోపలికి దిగాలి. మానిఫోల్డ్‌కి, ఆల్టర్నేటర్ బ్రాకెట్‌కి తగిలించొద్దు. తాడు అసలొద్దు.

ముక్కు పైకి, తోక కిందకి వాలేలా ముందు గొలుసు పొట్టిగా, వెనకది పొడుగ్గా ఉంచండి.

గేర్ బాక్స్ కింద జాకీ పెట్టి, దాని బరువు జాకీ తీసుకున్నాకే వెనక క్రాస్ మెంబర్ (గేర్ బాక్స్‌ని మోసే అడ్డపట్టీ) విప్పండి. గొలుసు బిగువెక్కాకే ఇంజన్ మౌంటింగ్ నట్లు తీయండి.

ఇప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు లేపి ఆగండి. చుట్టూ చూడండి. మళ్ళీ కొంచెం లేపి ఆగండి. ఏదో పట్టినట్టు అనిపిస్తే గొలుసు ఇంకో గుంజు గుంజొద్దు, ఏదో ఒకటి విప్పకుండా మిగిలిపోయింది. ఎక్కువగా మర్చిపోయేది ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీ, ఆ తర్వాత రివర్స్ లైట్ వైరు, హీటర్ పైపులు.

ఒకరు గొలుసు దగ్గర, ఒకరు ఇంజన్ తిప్పుతూ. ఇద్దరి మధ్య మాట ఒకటే ఉండాలి: "ఆపు" అంటే ఎవరన్నా సరే ఆగాలి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి, కాలు పెట్టొద్దు. బయటికి రాగానే నేలకి దగ్గరగా దించేసి, ఆ తర్వాతే క్రేన్ జరపండి.

## 7. బయట ఉండగానే చేసుకోవాల్సినవి

మళ్ళీ ఇంత పని పెట్టుకోకుండా ఉండాలంటే ఇప్పుడే మార్చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నీ కలిపినా ఇంకోసారి దించే కూలీ కంటే తక్కువే అవుతుంది.

- క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ సీల్, గేర్ బాక్స్ ముందు సీల్
- క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్
- క్రాంక్ చివరలో ఉండే పైలట్ బేరింగ్ లేదా బుష్
- వాటర్ పంప్, థర్మోస్టాట్, అన్ని రబ్బరు పైపులు, క్లిప్పులు
- ఇంజన్ మౌంటింగులు, గేర్ బాక్స్ మౌంటింగ్
- పెట్రోల్ రబ్బరు పైపు

మనది ఎండల ఊరని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అలా చేయొద్దు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. వేడెక్కే కారుకి మందు రేడియేటర్ శుభ్రం చేయించడం, ఫ్యాన్ బాగు చేయించడం, రేడియేటర్‌లో కుళాయి నీళ్ళ బదులు కూలెంట్ పోయడం.

పాత ఇంజన్, కొత్త ఇంజన్ పక్కపక్కన పెట్టి ఒక్కో భాగం పోల్చండి. పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా, ఫ్లైవీల్ (క్రాంక్ చివర ఉండే బరువైన చక్రం) పళ్ళు సమానమా, సెన్సర్లు అవే చోట్ల ఉన్నాయా, డిప్‌స్టిక్ దానిదేనా. వేరే సంప్‌కి చెందిన డిప్‌స్టిక్ తప్పు లెవెల్ చూపిస్తుంది.

ఫ్లైవీల్ లేత్ వర్క్స్‌లో ఫేసింగ్ చేయించినా, చేయించకపోయినా వానాకాలంలో దాని ముఖం రాత్రికి రాత్రే తుప్పు రంగు తిరుగుతుంది. బిగించే ముందు సన్నటి ఎమిరీ కాగితంతో రుద్ది, పెట్రోల్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వొద్దు.

## 8. క్లచ్, గేర్ బాక్స్ కలపడం

ఇక్కడ టైమ్ తీసుకోండి. మొత్తం పనిలో డబ్బు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

మొదట డోవెల్ పిన్నులు. బ్లాక్ వెనక ముఖం మీద రెండు చిన్న పిన్నులుంటాయి, బెల్ హౌసింగ్ సరిగ్గా నడిమికి కూర్చునేది వాటివల్లే. పాత ఇంజన్ కొన్నప్పుడు అవి తరచుగా ఉండవు, మీ పాత బ్లాక్‌లోంచి తీసి వేసుకోండి. అవి లేకుండా బోల్టులతోనే బిగిస్తే బండి నడుస్తుంది, కానీ ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి, గేర్ బాక్స్ ముందు బేరింగ్ కొన్నాళ్ళకే శబ్దం మొదలుపెడుతుంది.

రెండోది, ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య రేకు ప్లేటు ఉంటే అది ఫ్లైవీల్ కంటే ముందు ఎక్కాలి. ఫ్లైవీల్, క్లచ్ అన్నీ బిగించాక నేలమీద ఆ రేకు కనపడితే మళ్ళీ అన్నీ విప్పాల్సిందే.

ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వేయండి, ఎదురెదురుగా మూడు విడతల్లో మాన్యువల్ అంకె దాకా బిగించండి.

క్లచ్ ప్లేట్‌కి ముందు, వెనక ఉంటుంది. చాలావరకు స్ప్రింగులున్న ఉబ్బు భాగం గేర్ బాక్స్ వైపు రావాలి. ప్లేటు మీద ఫ్లైవీల్ సైడ్ అని అచ్చు ఉంటే దాన్నే నమ్మండి. సెంటరింగ్ టూల్ ప్లేటులోంచి పైలట్ బేరింగ్‌లోకి దూర్చి, అది ఉండగానే ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. పూర్తిగా బిగించాక టూల్ తీసి మళ్ళీ దూర్చి చూడండి. ఏ అడ్డూ లేకుండా జారితే నడిమికి ఉన్నట్టు.

గేర్ బాక్స్ ముందుకి పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళ మీద గ్రీజు పలచగా రాసి, ఎక్కువైంది తుడిచేయండి. అదనపు గ్రీజు తిరిగేటప్పుడు ఎగిరి క్లచ్ మీద పడుతుంది.

ఇప్పుడు కలపడం. ఇంజన్ గొలుసు మీద, గేర్ బాక్స్ జాకీ మీద. రెండు ముఖాలూ సరిగ్గా ఎదురెదురుగా, పైన ఎంత సందుందో కింద అంతే, ఎడమన ఎంతో కుడిన అంతే ఉండాలి. గేర్ బాక్స్‌ని ఒక గేర్‌లో వేసి, తోక వైపు చేత్తో మెల్లగా తిప్పుతూ ముందుకి నెట్టండి. పళ్ళు ఒకదానిలో ఒకటి దొరికినప్పుడు ఒక్కసారిగా ముందుకి జారుతుంది. ఆ తర్వాత ఆఖరి సెంటీమీటరు దగ్గర ఆగిపోవచ్చు. అక్కడే చాలామంది బోల్టులు పెట్టి లాగేస్తారు.

లాగొద్దు. ఆగిందంటే కారణం ఉంది: కోణం తేడా, లేదా షాఫ్ట్ ముక్కు పైలట్ బేరింగ్‌కి ఎదురుగా లేదు, లేదా ఏదో వైరు మధ్యలో ఇరుక్కుంది. బోల్టులతో లాగితే పైలట్ బేరింగ్ నలుగుతుంది, లేదా బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. వెనక్కి తీసి, చుట్టూ సందు మళ్ళీ కొలిచి, జాకీ రెండు మిల్లీమీటర్లు పైకో కిందకో సర్ది మళ్ళీ నెట్టండి. అన్నీ కుదిరితే చేత్తోనే ముఖాలు ఒకదానికొకటి ఆనుతాయి. బోల్టులు పట్టి ఉంచడానికి మాత్రమే.

ఇంకొకటి. సగం దూరాక చేతులు నొప్పి పుట్టి గేర్ బాక్స్‌ని షాఫ్ట్ మీద వేలాడనిచ్చి పక్కకి వెళ్ళొద్దు. ఆ బరువంతా క్లచ్ ప్లేటు నడిమి భాగం మీద పడి అది వంగుతుంది. తర్వాత బండి ఎక్కాక క్లచ్ నొక్కినా గేర్ పడదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

## 9. లోపలికి దించడం

తీసిన వరుసకి సరిగ్గా తలకిందుగా. ముక్కు పైకి ఉంచి, తోకని కారు నేల మధ్యలో గేర్ బాక్స్ పట్టే సొరంగంలోకి దూర్చి, కొంచెం కొంచెంగా ముందు దించండి. మౌంటింగ్ నట్లు అన్నీ సగం సగమే బిగించి, గేర్ బాక్స్ క్రాస్ మెంబర్ కూడా కూర్చున్నాక, ఇంజన్‌ని చేత్తో ఒకసారి ఊపి, అది సహజంగా ఎక్కడ నిలబడిందో అక్కడ పూర్తిగా బిగించండి. సైలెన్సర్ కూడా అంతే, కొత్త గ్యాస్కెట్ వేసి చివరిదాకా వదులుగా ఉంచండి.

ఎర్త్ పట్టీ మర్చిపోవద్దని మళ్ళీ చెబుతున్నాను. అది లేకుండా సెల్ఫ్ కొడితే ఆ కరెంటంతా దారి వెతుక్కుని యాక్సిలరేటర్ కేబుల్‌లోంచో క్లచ్ కేబుల్‌లోంచో వెళ్తుంది. కేబుల్ పైతొడుగు కరిగి పొగ వస్తుంది.

స్టార్ట్ చేసే ముందు చూసుకోండి:

- ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్ పోశారా
- డ్రెయిన్ బోల్టులు బిగించారా
- ఎర్త్ పట్టీ రెండు చివరలా, పెయింట్ గీకిన ఇనుముకి తగిలిందా
- పెట్రోల్ పైపు క్లిప్పులు
- ఫ్యాన్‌కి దగ్గరగా వైరేమైనా వేలాడుతోందా
- ప్రొపెల్లర్ షాఫ్ట్ గీతలు కలిశాయా
- క్లచ్ ఫ్రీ ప్లే (పెడల్ మొదట్లో ఖాళీగా కదిలే కాస్త దూరం)
- పానాలన్నీ లెక్క సరిపోయాయా

## 10. మొదటి స్టార్ట్

ప్లగ్గులు తీసేసి, కాయిల్ వైరు విప్పి, సెల్ఫ్‌తో పది సెకన్లు తిప్పండి. అర నిమిషం ఆపండి, సెల్ఫ్ చల్లబడాలి. మళ్ళీ పది సెకన్లు. ఆయిల్ లైటు ఆరేదాకా లేదా గేజ్ ముల్లు లేచేదాకా ఇలా చేయండి. కంప్రెషన్ లేకుండా తిరుగుతుంది కాబట్టి బేరింగుల మీద బరువు పడకుండానే ఆయిల్ పైదాకా చేరుతుంది.

తర్వాత ప్లగ్గులు, వైర్లు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ ఎటు తిరుగుతుందో చూసి ఆ దిక్కులోనే వైర్లు పెట్టండి. ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కన నిలబడాలి. స్టార్ట్ అయ్యాక మూడు నాలుగు సెకన్లలో ఆయిల్ లైటు ఆరకపోతే వెంటనే కట్టేయండి.

రీబోర్ చేయించి (సిలిండర్లు తొలిపించి), కొత్త కామ్ షాఫ్ట్ వేసిన ఇంజన్ అయితే స్టార్ట్ కాగానే ఐడ్లింగ్‌లో వదిలేయకుండా 2,000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు కొంచెం అటూ ఇటూగా నడపండి. రన్నింగ్ ఇంజన్ కొని పెట్టినవాళ్ళకి ఇది అక్కర్లేదు.

హీటర్ పూర్తిగా తెరిచి, కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచి, రేడియేటర్ మూత తీసి ఉండగానే మొదలుపెడితే లోపల గాలి బుడగలుగా పోతుంది. లెవెల్ తగ్గినకొద్దీ పోస్తూ, బుడగలు ఆగాక, కూలెంట్ ఇంకా మరగకముందే మూత వేయండి. వేడెక్కాక మూత ముట్టుకోవద్దు.

## 11. వచ్చే ఇబ్బందులు, వాటి మందులు

తిరుగుతోంది, స్టార్ట్ కావట్లేదు. ముందు స్పార్క్, తర్వాత పెట్రోల్. రెండూ ఉంటే డిస్ట్రిబ్యూటర్ అరచుట్టు తప్పు కూర్చుని ఉంటుంది. కార్బ్యురేటర్‌లోంచి వెనక్కి పేలుతుంటే దాదాపు అదే. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైకి వచ్చిందో, ఎగ్జాస్ట్‌లో వచ్చిందో ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి చూడండి, గాలి తన్నితే కంప్రెషన్.

సెల్ఫ్ మెల్లగా తిరుగుతోంది. బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ చూడండి.

క్లచ్ నొక్కినా గేర్ పడట్లేదు. కేబుల్ సర్దుబాటు, లేదా ప్లేట్ తిరగేసి పెట్టడం, లేదా పైన చెప్పిన వంగిన ప్లేటు. మొదటిదే అయి ఉండాలని కోరుకోండి.

బెల్ హౌసింగ్ కింద ఆయిల్ చుక్కలు. వేలికి తీసుకుని వాసన చూడండి. ఘాటైన గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్, ముందు సీల్ లోపం. లేకపోతే క్రాంక్ సీల్ లేదా పైన టాపెట్ కవర్ నుంచి కారి వెనక్కి వస్తోంది. టాపెట్ కవర్ ముందు తుడిచి చూడండి, గేర్ బాక్స్ దించాకే ఆ సంగతి తెలిస్తే బాధ.

ఒక వేగంలో బండంతా వణుకు. ప్రొపెల్లర్ షాఫ్ట్ గీతలు, తర్వాత మౌంటింగులు.

వేడెక్కుతోంది. గాలి మిగిలి ఉంటుంది. పై పైపు కాలుతూ, కింద పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది.

## 12. మొదటి 500 కిలోమీటర్లు

మొదటి రోజు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి, పానాలు, నీళ్ళు, ఫోన్ కారులో ఉంచుకుని. హైవే ఎక్కడానికి ముందు విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లాంటి చోట మధ్యాహ్నం ఒకసారి నడిపి చూడండి. కూలింగ్ నిలబడుతుందో లేదో అక్కడ తేలుతుంది, ఖాళీ రోడ్డు మీద గాలి తగులుతుంది కాబట్టి లోపం కనపడదు.

100 కిలోమీటర్లకి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మౌంటింగులు, మానిఫోల్డ్, సైలెన్సర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు మళ్ళీ బిగించండి. హెడ్ బోల్టులు మాత్రం మాన్యువల్ బిగించమంటేనే ముట్టుకోండి. ఫ్యాన్ బెల్ట్ సాగి ఉంటుంది, చూడండి.

500 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఆయిల్‌ని పారబోసే ముందు ఒక తెల్లటి పళ్ళెంలో కొంచెం పోసి ఎండలో వాల్చి చూడండి. బూడిదలా సన్నటి మెరుపు కొద్దిగా ఉంటే రీబోర్ ఇంజన్‌కి మామూలే. రాగి రంగు పొరలు, వేలికి తగిలే రజను కనపడితే బేరింగులు పోతున్నట్టు. ఆ బండి ఇక నడపకుండా, సంప్ దించి చూడాలి.

క్లచ్ ఫ్రీ ప్లే కూడా ఈసారి మళ్ళీ సర్దండి, కొత్త ప్లేట్ సర్దుకునేది ఈ దూరంలోనే.